అనుకరణ వైర్‌లెస్ నెట్‌వర్క్: అసలు సాఫ్ట్‌వేర్‌కు కల్పిత గాలి

ఒక్క రేడియో తరంగమూ బయటికి వెళ్ళకుండానే, తాము వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో ఉన్నామని ప్రోగ్రాములు నమ్మేలా చేసి వాటిని నడిపించే ఏర్పాటే అనుకరణ వైర్‌లెస్ నెట్‌వర్క్. ఇందులో నడిచే రౌటింగ్ ప్రోగ్రాం అసలుదే. దాని కింద ఉన్న లినక్స్ కెర్నెల్ అసలుదే. పరీక్షలో ఉన్న యాప్ కూడా రేపు జనం ఫోన్లలోకి చేరబోయేదే. కల్పించేది వీటి మధ్య ఉండే గాలిని మాత్రమే: దూరాన్ని, గోడల్ని, చెట్లను, పక్కింటి వైఫైని, కదులుతున్న వాహనాన్ని. వైఫై రౌటర్లు, మొబైల్ యాప్‌లు, సైనిక రేడియోలు, సెన్సర్లు, 5జీ టవర్ల సాఫ్ట్‌వేర్ ఇవాళ అసలు గాలిలోకి అడుగు పెట్టేముందు చాలాకాలం ఈ కల్పిత గాలిలోనే తిరుగుతాయి.

ఇంగ్లీషులో ఎమ్యులేషన్ అనే దీనికి దగ్గరి బంధువు సిమ్యులేటర్. కానీ రెండూ ఒకటి కావు. సిమ్యులేటర్‌లో గాలితోపాటు ప్రోగ్రాం కూడా నమూనాయే. ఒక రౌటింగ్ పద్ధతి ఎలా ప్రవర్తిస్తుందో పరిశోధకుడు సి++లో మళ్ళీ రాసి, కల్పిత గడియారం మీద నడిపిస్తాడు. అక్కడ ఒక సెకను అంటే కంప్యూటర్ ఆ సెకనులో జరగాల్సిన సంఘటనలన్నిటినీ లెక్కకట్టడానికి పట్టినంతసేపు. అది గంట అయినా అభ్యంతరం లేదు. అనుకరణలో ఆ వెసులుబాటు లేదు. అసలు ప్రోగ్రాం అసలు గడియారాన్నే చూస్తుంది కాబట్టి గాలి కూడా ఆ వేగంతోనే నడవాలి. ఈ ఒక్క తేడా నుంచే అనుకరణకున్న బలమూ బలహీనతా రెండూ పుడతాయి.

గాలితో ఇబ్బంది

తీగ మీద పరీక్షను రేపు మళ్ళీ చేస్తే ఇవాళ వచ్చిన ఫలితమే దాదాపుగా వస్తుంది. గాలిలో అలా రాదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ అడ్డేమీ లేని 100 మీటర్ల దూరంలో సుమారు 80 డెసిబెల్ బలం కోల్పోతుంది, దూరం రెట్టింపయితే మరో 6 డెసిబెల్. ఇది పాఠ్యపుస్తకపు లెక్క. ఆఫీసు గదిలో తలుపు తెరిచినా, ఒక మనిషి అటూ ఇటూ నడిచినా, పక్క గదిలో మైక్రోవేవ్ ఓవెన్ ఆన్ చేసినా ఈ లెక్క చెదిరిపోతుంది. గోడలకు తగిలి వేర్వేరు దారుల్లో వచ్చిన ఒకే సిగ్నల్ ప్రతులు ఒక చోట కలిసి బలపడతాయి, జానెడు దూరంలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పగలు పట్టుబడిన లోపం రాత్రికి కనిపించదు. సరిచేశామనుకున్నది నిజంగా సరయిందో, గాలే మారిందో తేల్చుకోవడం కష్టం. అనుకరణను ఆశ్రయించడానికి మొదటి కారణం ఖర్చు కాదు, ఈ పునరావృతి లేకపోవడం. ఖర్చు రెండో కారణం. యాభై వాహనాల మీద రేడియోలు బిగించి, యాభైమంది డ్రైవర్లను పెట్టుకుని, ఒక్క వాక్యం మార్చిన ప్రోగ్రాంను పరీక్షించడానికి మళ్ళీ మళ్ళీ మైదానానికి వెళ్ళడం ఏ సంస్థకూ సాధ్యం కాదు.

గొట్టంలా చూసే అనుకరణ

అన్నిటికంటే సులువైన పద్ధతి వైర్‌లెస్ లింకును ఒక గొట్టంగా ఊహించుకోవడం. గొట్టానికి మూడు గుణాలు: వెడల్పు, పొడవు, కారడం. అంటే సెకనుకు ఎన్ని బిట్లు, ఎంత ఆలస్యం, ఎన్ని ప్యాకెట్లు పోతాయి. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో లుయీజీ రిజ్జో 1997లో ఫ్రీబీఎస్‌డీ కోసం తయారుచేసిన డమ్మీనెట్ ఈ కోవలో బాగా వాడుకలోకి వచ్చిన తొలి సాధనాల్లో ఒకటి. తరవాత స్టీఫెన్ హెమ్మింగర్ లినక్స్ కెర్నెల్‌లోకి నెటెమ్ తెచ్చారు. ఇప్పుడు ఏ లినక్స్ యంత్రం మీదైనా ఒక్క ఆదేశంతో 100 మిల్లీసెకన్ల ఆలస్యాన్నీ 1 శాతం ప్యాకెట్ల నష్టాన్నీ పుట్టించవచ్చు. ఇంత సులువు కాబట్టే వైర్‌లెస్ పరీక్ష పేరుతో లోకంలో జరిగే వాటిలో ఎన్నో నిజానికి నెటెమ్ పరీక్షలే.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వైఫైలో ఫ్రేమ్ పోతే పంపిన రేడియో వెంటనే మళ్ళీ పంపుతుంది, రసీదు రాకపోతే మళ్ళీ, ఇంకోసారి. మొత్తం 8 ప్రయత్నాలు అనుకుందాం. ఒక్కో ప్రయత్నం విఫలమయ్యే అవకాశం సగానికి సగం ఉన్నా, ఎనిమిదీ విఫలమయ్యే అవకాశం 0.4 శాతమే. అంటే గాలిలో సగం ఫ్రేములు చెడిపోతున్నా, పైన ఉండి డేటాను నమ్మకంగా చేరవేసే టీసీపీకి నష్టం దాదాపుగా కనిపించదు. దానికి కనిపించేది ఆలస్యం, అదీ ఒక ప్యాకెట్‌కు ఒకలా, ఇంకో ప్యాకెట్‌కు ఇంకోలా. కాబట్టి చెడ్డ వైఫై అంటే 5 శాతం నష్టం అని నెటెమ్‌కు చెప్పేవారు వైఫైని కాక మరేదో నెట్‌వర్క్‌ను పరీక్షిస్తున్నారు.

పోనీ ఆలస్యాన్నే మారుస్తూ పోదామంటే ఇంకో చిక్కు. నెటెమ్‌కు 100 మిల్లీసెకన్లు, అటూ ఇటూ 20 తేడాతో అని చెబితే అది ప్రతి ప్యాకెట్‌కూ విడిగా ఒక ఆలస్యాన్ని ఎంచుకుంటుంది. ముందు బయలుదేరినదానికి 115, వెనక వచ్చినదానికి 85 పడితే వెనకది ముందు చేరుతుంది. అసలు వైఫై లింకు మీద ఒకే ప్రవాహంలోని ప్యాకెట్లు ఇలా తారుమారు కావడం అరుదు, ముందున్నది ఆగితే వెనకవీ దాని వెనకే ఆగుతాయి. తారుమారైన వరసను చూసిన టీసీపీ దాన్ని నష్టంగా భావించి వేగం తగ్గించుకోవచ్చు. అప్పుడు ఇంజినీరు లేని జబ్బుకు మందు వెతుకుతాడు.

నష్టం ఎలా వస్తుందన్నదీ ముఖ్యమే. గాలిలో చెడు ఒంటరిగా రాదు, గుంపుగా వస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఎడ్గర్ గిల్బర్ట్ 1960లో, ఈ.ఓ. ఇలియట్ 1963లో టెలిఫోను లైన్ల మీది దోషాల కోసం కట్టిన నమూనాలో లింకుకు రెండు స్థితులుంటాయి, మంచి, చెడు. ఒక్కో స్థితిలో ఎంతసేపు ఉంటుంది, అందులో ఎంత నష్టం అన్నది చెబితే చాలు. అరవై ఏళ్ళు దాటినా ఈ నమూనా నెటెమ్‌లో ఇప్పటికీ ఉంది. ఒక్కో ప్యాకెట్‌కు విడిగా పాచిక వేయడంకంటే ఇదే ఎంతో నయం.

కానీ గొట్టం నమూనాలో ఎంత మెరుగుపెట్టినా ఒకటి ఎప్పటికీ రాదు: గాలి అందరి ఉమ్మడి ఆస్తి అన్న సంగతి. 2003లో ఫ్రెంచి పరిశోధకులు చూపించిన ఒక వింత దీనికి మంచి ఉదాహరణ. 802.11బి వైఫైలో నలుగురు 11 మెగాబిట్ల వేగంతో దగ్గరగా కూర్చుని ఉండగా, దూరంగా ఒక్కడు 1 మెగాబిట్‌తో కలిస్తే అందరి వేగమూ అతని స్థాయికి పడిపోతుంది. ఇరుకు వంతెన మీద ముందు ఎడ్లబండి పోతుంటే వెనకున్న కారు ఎంత మంచిదైనా ఏం లాభం? ప్రతి ఒక్కరికీ సమాన సంఖ్యలో అవకాశాలు దొరుకుతాయి గానీ, నెమ్మదివాడి ఒక్క అవకాశం గాలి సమయాన్ని ఎన్నో రెట్లు మింగుతుంది. అయిదుగురికీ అయిదు వేర్వేరు గొట్టాలు పెట్టిన పరీక్షలో ఈ వింత కనబడే ప్రసక్తే లేదు. లినక్స్‌లో గాలి సమయాన్ని న్యాయంగా పంచే సవరణలు టోకే హయిలాండ్ యోర్గెన్‌సెన్, డేవ్ టాట్ తదితరుల కృషితో రూపుదిద్దుకుని, 2017లో పరిశోధనా పత్రంగా వెలువడేదాకా ఈ సమస్య అలాగే సాగింది.

రేడియో లేని వైఫై కార్డు

అనుకరణలో మరింత లోతుకు దిగాలంటే వైఫై డ్రైవర్ స్థాయికి వెళ్ళాలి. లినక్స్‌లో వైఫై ఫ్రేములను నిర్వహించే భాగం పేరు మ్యాక్80211. దానికి అసలు కార్డు ఉన్నట్టు భ్రమ కలిగించే మాడ్యూల్ మ్యాక్80211-హెచ్‌డబ్ల్యూసిమ్. దీన్ని రాసింది యౌని మాలినెన్. వైఫై పాస్‌వర్డు పనుల్లో సగం ప్రపంచం ఆధారపడే హోస్ట్ఏపీడీ, డబ్ల్యూపీఏ సప్లికెంట్ ప్రోగ్రాములను రాసినదీ ఆయనే. ఈ మాడ్యూల్ 2008లో 2.6.27 కెర్నెల్‌తో అందరికీ అందింది. లోడు చేయగానే మామూలుగా రెండు రేడియోలు పుడతాయి. కావాలంటే యాభై అడగవచ్చు. ఒకదాన్ని యాక్సెస్ పాయింట్‌గా, మరొకదాన్ని ఫోనులా పెట్టి, వాటిని వేర్వేరు నెట్‌వర్క్ నేమ్‌స్పేసులలో ఉంచితే రెండూ వేర్వేరు యంత్రాల్లా ప్రవర్తిస్తాయి. ఒక్కో నేమ్‌స్పేసుకు సొంత ఇంటర్‌ఫేసులు, సొంత రౌటింగ్ పట్టిక ఉంటాయి. హెచ్‌డబ్ల్యూసిమ్0 అనే మరో ఇంటర్‌ఫేసు మీద, ఫ్రేములను చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రాం తెరిచి కూర్చుంటే కల్పిత గాలిలో తిరిగే ప్రతి ఫ్రేమూ, బీకన్ మొదలుకుని రసీదు దాకా, కళ్ళముందు కనిపిస్తుంది. అసలు గాలిలో ఇంత స్పష్టంగా చూడటం ఎవరికీ సాధ్యం కాదు.

దీని విలువ వేగంలో కాదు, సరైనతనంలో ఉంది. హోస్ట్ఏపీడీ సోర్స్ కోడ్‌తోపాటే వచ్చే హెచ్‌డబ్ల్యూసిమ్ పరీక్షల మూట చాలా పెద్దది. కీ మార్పిడి మధ్యలో తెగిపోతే ఏమవుతుంది, తప్పు పాస్‌వర్డు వస్తే ఏమవుతుంది, ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పాత ఫ్రేము వస్తే ఏమవుతుంది అని అది ఒక్కో మూలనూ తట్టి చూస్తుంది. 2017లో మాథీ వాన్‌హూఫ్ బయటపెట్టిన క్రాక్ దాడి సరిగ్గా ఇలాంటి మూలలోనే ఉంది: ఒక సందేశాన్ని మళ్ళీ పంపితే ఫోను వాడుకలో ఉన్న కీనే మళ్ళీ కొత్తగా పెట్టుకుంటోంది. ఆ లోపానికి సిగ్నల్ బలంతో సంబంధం లేదు, గోడలతో సంబంధం లేదు. అది వరసకు సంబంధించిన తప్పు. వరస తప్పులను పట్టడానికి కల్పిత గాలికి మించిన చోటు లేదు, ఎందుకంటే అక్కడ ఏ ఫ్రేము ఎప్పుడు పోవాలో మనమే నిర్ణయించవచ్చు.

అయితే హెచ్‌డబ్ల్యూసిమ్‌ను ఒంటరిగా వదిలేస్తే అందులోని గాలి ఆదర్శ గాలి. ఒకే ఛానల్‌లో ఉన్న అందరికీ అన్నీ వినిపిస్తాయి, ఏదీ పోదు, ఏదీ ఆలస్యం కాదు, ఢీకొట్టుకోవడమన్నది లేదు. అందులో వేగం కొలిస్తే వచ్చేది ఆ కంప్యూటర్ ప్రాసెసర్ వేగమే, వైఫై వేగం కాదు. ఈ లోటును కొంత తీర్చేది డబ్ల్యూమీడియమ్‌డీ అనే ప్రోగ్రాం. కెర్నెల్ ప్రతి ఫ్రేమునూ, ప్రోగ్రాములతో తాను మాట్లాడే నెట్‌లింక్ అనే దారి ద్వారా దీనికి అప్పజెబుతుంది. ఏ జంటల మధ్య సిగ్నల్ ఎంత, దోషం ఎంత అన్నది ముందే చెప్పి ఉంచితే, ఆ ఫ్రేముకు ఎన్ని ప్రయత్నాలు పడతాయి, గాలిలో ఎంతసేపు ఉంటుంది అని లెక్కకట్టి, తగినంత ఆగి, చేరవేయడమో పారేయడమో చేస్తుంది. బ్రెజిల్‌లోని కంపీనాస్ విశ్వవిద్యాలయంలో రామోన్ ఫోంటెస్, క్రిస్టియన్ ఎస్తేవే రోథెన్‌బర్గ్‌లు 2015లో వెలువరించిన మినినెట్-వైఫై ఈ రెంటినీ వాడుకుంటుంది. 2010లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన మినినెట్ ఒక ల్యాప్‌టాప్‌లో మొత్తం తీగల నెట్‌వర్క్‌ను ఇముడ్చుకోగా, దాని మీద కదిలే ఫోన్లను, యాక్సెస్ పాయింట్లను చేర్చినది ఇది. ఇంజినీరింగ్ విద్యార్థి ఒక్క రూపాయి పరికరం కొనకుండా వైఫై రోమింగ్‌ను స్వయంగా చూడాలంటే నేను మొదట చూపించేది ఇదే.

కదిలే నెట్‌వర్కులు, ఆరు నమ్మకాలు

టవర్లు లేకుండా ఒకరి ద్వారా ఒకరు సందేశాలు పంపుకునే తాత్కాలిక నెట్‌వర్కుల మీద 1990లలో పరిశోధన వెల్లువెత్తింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు మోనార్క్ బృందం 1998లో ఎన్‌ఎస్-2 సిమ్యులేటర్‌కు వైర్‌లెస్ భాగాలు చేర్చి, నాలుగు రౌటింగ్ పద్ధతులను పోల్చింది: 1500 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 50 నోడ్లు, సెకనుకు 20 మీటర్ల వరకు వేగం, 900 సెకన్ల నడక. ఆ పత్రం వచ్చాక ఆ మైదానమే ప్రపంచమైపోయింది. వందల పత్రాలు అదే దీర్ఘచతురస్రంలో నడిచాయి.

ఆ ధోరణికి గట్టి జవాబు డార్ట్‌మత్ కళాశాల నుంచి వచ్చింది. డేవిడ్ కోట్జ్, ఆయన సహచరులు 2004లో పరిశోధకులు నోరు విప్పి చెప్పకుండానే నమ్మేస్తున్న ఆరు సంగతులను వరసగా పెట్టారు. లోకం చదునుగా ఉంటుంది. రేడియో పరిధి గుండ్రంగా ఉంటుంది. అన్ని రేడియోలకూ ఒకే పరిధి. నాకు నువ్వు వినిపిస్తే నీకు నేను వినిపిస్తాను. వినిపించడమంటూ జరిగితే పూర్తిగా వినిపిస్తావు. సిగ్నల్ బలం దూరాన్ని బట్టే మారుతుంది. తరవాత ఆరుబయట ల్యాప్‌టాప్‌లతో కొలిచి, ఒక్కటీ నిలవదని చూపించారు. ఆ మరుసటి ఏడు మోబీహాక్ సదస్సు పత్రాలను తిరగేసిన ఇంకో బృందం, వాటిలో మళ్ళీ చేసి చూడగలిగినవి 15 శాతంలోపేనని తేల్చింది. ఈ రెండు పత్రాలనూ ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ మొదటే చదవాలి. కోట్జ్ జాబితా సిమ్యులేటర్ల గురించే అయినా, అనుకరణలో గాలి నమూనా రాసే ప్రతివారి చేతిలోనూ అవే ఆరు నమ్మకాలు తిరిగి మొలుస్తాయి.

సైన్యానికి ఈ విషయం పరిశోధన కాదు, అవసరం. అమెరికా నౌకాదళ పరిశోధనశాల ప్రోత్సాహంతో రూపొందిన ఇమేన్‌లో ప్రతి నోడుకూ ఒక రేడియో నమూనా ఉంటుంది. అందులో గాలిలో ఎవరు ఎప్పుడు పంపాలో నిర్ణయించే మ్యాక్ భాగం వేరు, భౌతిక భాగం వేరు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి మధ్య సిగ్నల్ ఎంత తగ్గింది అన్నది సంఘటనలుగా అన్ని నోడ్లకూ ప్రసారమవుతుంది. స్థానాన్ని జీపీఎస్ రూపంలో ప్రోగ్రాముకు అందించే ఏర్పాటు కూడా ఉంది. కాబట్టి మ్యాప్ చూపించే ప్రోగ్రాము, బల్ల మీద కదలకుండా ఉన్న కంప్యూటర్‌లో, తాను కొండ ఎక్కుతున్నానని నిజంగానే అనుకుంటుంది. దీనికి తోడుగా వాడే కోర్ అనే ఉపకరణం బోయింగ్‌లో రూపుదిద్దుకుంది. దాని పుట్టిల్లు మాత్రం జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఇమ్యూన్స్. ఓఎల్‌ఎస్‌ఆర్ వంటి రౌటింగ్ ప్రోగ్రాములను ఇక్కడ ఏ మార్పూ లేకుండా నడిపి, అదే ఫైలును తరవాత వాహనంలోకి ఎక్కించవచ్చు. పద్ధతి గురించిన వాదనలకు సిమ్యులేటర్ సరిపోతుంది. ఈ ప్రోగ్రాము, ఈ వెర్షన్, ఈ కాన్ఫిగరేషన్‌తో పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అనుకరణే జవాబు చెప్పగలదు.

గాలిని రికార్డు చేయడం

నమూనాల మీద నమ్మకం లేనివారికి ఇంకో దారి ఉంది: గాలిని ముందుగా కొలిచి, తరవాత ప్రయోగశాలలో తిరిగి వాయించడం. కార్నెగీ మెలన్‌లో మహాదేవ్ సత్యనారాయణన్, బ్రయన్ నోబుల్, బర్క్‌లీకి చెందిన రాండీ కాట్జ్ తదితరులు 1997లో వేవ్‌ల్యాన్ రేడియోలతో నడిచి తిరిగి, దారి పొడవునా నెట్‌వర్క్ గుణాన్ని నమోదు చేసి, అదే అనుభవాన్ని తీగ నెట్‌వర్క్ మీద పునఃసృష్టించారు. ఎంఐటీలో పుట్టి 2015లో పత్రంగా వచ్చిన మహీమహీ ఇదే ఆలోచనను మొబైల్ నెట్‌వర్కులకు తెచ్చింది. దాని రికార్డు ఫైలు చాలా సరళం: ఒక్కో వరసలో ఒక మిల్లీసెకను సంఖ్య, ఆ మిల్లీసెకనులో 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి దాటగలదని దాని అర్థం. ఆ క్షణానికి పంపడానికి ఏమీ లేకపోతే ఆ అవకాశం వృథా. ఎల్‌టీఈ వేగం క్షణక్షణానికి ఎలా ఎగిసిపడుతుందో ఆ సంఖ్యల మధ్య ఖాళీలే చెబుతాయి.

రికార్డుకున్న లోటూ స్పష్టమే. రికార్డు చేసినప్పుడు ఉన్న ప్రోగ్రాము ప్రవర్తనకు గాలి స్పందించిన తీరు అందులో దాగి ఉంటుంది. కొత్త ప్రోగ్రాము ఎక్కువ పంపినా, తక్కువ పంపినా ఆ గాలి మాత్రం మారదు. ఒంటరి వాడుకరి ఉన్న లింకుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. నలుగురు పోటీపడే వైఫైకి మాత్రం పెద్ద ఇబ్బందే.

పశ్చిమ గోదావరి నేర్పే లెక్క

కల్పిత గాలిలో గెలిచిన ప్రోగ్రాము అసలు గాలిలో ఎలా ఓడిపోగలదో తెలుసుకోవడానికి దూరపు వైఫై లింకులు చక్కటి ఉదాహరణ. 2000 తరవాతి దశకంలో భారత గ్రామాలకు ఇంటర్నెట్ చేర్చడానికి చవకైన వైఫై పరికరాలను ఎత్తయిన టవర్ల మీద పెట్టే ప్రయోగాలు జరిగాయి. ఐఐటీ కాన్పూర్ చుట్టూ డిజిటల్ గంగా మైదానం ప్రాజెక్టు, ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ నెలకొల్పిన అశ్విని నెట్‌వర్క్ వీటిలో ముఖ్యమైనవి. భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి ఈ రెంటి అనుభవాలనూ కలిపి 2007లో రాసిన పత్రం ఇప్పటికీ చదవదగ్గది.

లెక్క ఇది. రేడియో తరంగం 30 కిలోమీటర్లు వెళ్ళడానికి 100 మైక్రోసెకన్లు, రసీదు తిరిగి రావడానికి మరో 100. వైఫై ప్రమాణాన్ని రాసినవారి మనసులో ఉన్నది ఇల్లు, ఆఫీసు. 802.11బిలో ఒక స్లాటు, అంటే వంతు కోసం ఆగే కాలానికి కొలత, 20 మైక్రోసెకన్లే. రసీదు కోసం ఎదురుచూసే గడువు అంత దూరానికి సరిపోదు. గడువు పెంచకపోతే, చక్కగా చేరిన ఫ్రేమును కూడా పోయిందనుకుని రేడియో మళ్ళీ మళ్ళీ పంపుతుంది. పైగా మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని వినే పద్ధతి, అవతలివాడి మాట 100 మైక్రోసెకన్లు ఆలస్యంగా వినిపించే చోట అక్కరకు రాదు. అందుకే రామన్, కామేశ్వరి 2005లో ప్రతిపాదించిన పద్ధతిలో ఒక టవర్ మీద ఉన్న లింకులన్నీ ఒకేసారి పంపుతాయి, ఒకేసారి వింటాయి, వంతులవారీగా.

ఇదే లింకును హెచ్‌డబ్ల్యూసిమ్‌లో పెట్టి చూస్తే అన్ని పరీక్షలూ నెగ్గుతాయి. ఆ గాలికి దూరమే లేదు. రసీదు అక్కడ కాలం తీసుకునే ఫ్రేము కాదు, కెర్నెల్‌లో ఒక గుర్తు మాత్రమే. తప్పు ఆ సాధనానిది కాదు, దాన్ని అడగకూడని ప్రశ్న అడగడంలో ఉంది. అదే కాలంలో బర్క్‌లీ పరిశోధకులు భారతదేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల లింకులతో సహా పలుచోట్ల కొలిచారు. ప్రతిధ్వనుల వల్ల నష్టం వస్తోందా, లేక పక్క వైఫైల వల్లా అన్నది విడదీయడానికి, గాలి దారిని అనుకరించే హార్డ్‌వేర్ ఛానల్ ఎమ్యులేటర్‌ను వాడుకున్నారు. ఊళ్ళు ఉన్నచోట అసలు దోషి పక్క వైఫైలేనని తేలింది. అక్కడ అనుకరణ చేసిన పని ప్రత్యేకమైనది. ఒక కారణాన్ని ఆన్ చేసి ఇంకోదాన్ని ఆఫ్ చేయడం గాలిలో కుదరదు.

అసలు రేడియోలు, కల్పిత దారి

ఆ హార్డ్‌వేర్ ఎమ్యులేటర్ల పని మొబైల్ ఫోన్ల పరీక్షలో బాగా కనిపిస్తుంది. ఫోనును లోహపు పెట్టెలో మూసి, యాంటెనా స్థానంలో కేబుల్ తగిలించి, సిగ్నల్‌ను అంకెలుగా మార్చి, దానికి ప్రతిధ్వనులూ డాప్లర్ మార్పులూ కలిపి అవతలికి పంపుతారు. జీఎస్‌ఎం ప్రమాణాల్లో టీయూ50 అంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నగరంలో ప్రయాణం, హెచ్‌టీ100 అంటే కొండ ప్రాంతంలో గంటకు 100. 900 మెగాహెర్ట్జ్ వద్ద 50 కిలోమీటర్ల వేగం తెచ్చే డాప్లర్ మార్పు 42 హెర్ట్జ్‌కు అటూఇటూ. చేతిలోని ఫోను అమ్మకానికి రాకముందు ఇలాంటి ప్రయాణాలు కేబుల్ మీదే ఎన్నో చేసి ఉంటుంది.

కార్నెగీ మెలన్‌లో గ్లెన్ జడ్, పీటర్ స్టీన్‌కిస్ట్ ఈ పద్ధతిని వైఫై నోడ్ల గుంపుకు విస్తరించారు. ఈ దారిలో అన్నిటికంటే పెద్దది కొలోసియం. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా తన స్పెక్ట్రమ్ పోటీ కోసం జాన్స్ హాప్కిన్స్ అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దీన్ని కట్టించింది. ఇందులో 256 సాఫ్ట్‌వేర్ రేడియోలున్నాయి. ప్రతి జంట మధ్య ఉన్న దారిని విడివిడిగా లెక్కకట్టాలి కాబట్టి 65,536 ఛానళ్ళు అవుతాయి. 2019 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన తుది పోటీలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు గేటర్‌వింగ్స్ జట్టు 20 లక్షల డాలర్లు గెలుచుకుంది. పోటీ ముగిశాక ఆ యంత్రం నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయానికి చేరి ఇప్పుడు సెల్యులార్ పరిశోధనకు ఉపయోగపడుతోంది. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో 20 వరసలు, ఒక్కో వరసలో 20 చొప్పున 400 నోడ్లతో ఉన్న ఆర్బిట్‌ది వేరే దారి. అక్కడ రేడియోలూ నిజమే, గాలీ నిజమే. అది అనుకరణ కాదు, అదుపులో పెట్టిన గాలి.

5జీలో ఈ గీతలు కలిసిపోతున్నాయి. ఓపెన్ ఎయిర్ ఇంటర్‌ఫేస్, ఎస్‌ఆర్‌ఎస్‌ర్యాన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ టవర్లు రేడియోకు పంపాల్సిన సిగ్నల్ నమూనాలను రేడియో లేకుండా సందేశాలుగా ఇంకో ప్రోగ్రాముకు పంపగలవు. అంటే ఒక ల్యాప్‌టాప్‌లోనే టవరు, ఫోను రెండూ. యూఈర్యాన్‌సిమ్ భౌతిక స్థాయిని పూర్తిగా వదిలేసి కోర్ నెట్‌వర్క్‌ను మాత్రమే పరీక్షిస్తుంది. మన దేశంలో ఐఐటీ మద్రాసు నాయకత్వంలో 8 సంస్థలు, వాటిలో ఐఐటీ హైదరాబాదు కూడా ఒకటి, 220 కోట్ల రూపాయలకుపైగా ఖర్చుతో నిర్మించిన 5జీ టెస్ట్‌బెడ్‌ను 2022 మే 17న ప్రధాని ప్రారంభించారు. స్వదేశీ కంపెనీలు తమ ఉత్పత్తులను పరీక్షించుకోవడానికి విదేశాల మీద ఆధారపడకూడదన్నది దాని ఉద్దేశం.

ఫోను తెర వెనక

యాప్ రాసేవారికి ఇంత లోతు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో ఎడ్జ్ అని ఎంచుకుంటే ఆలస్యం 80 నుంచి 400 మిల్లీసెకన్ల మధ్య ఊగుతుంది, జీఎస్‌ఎం అంటే వేగం సెకనుకు 14.4 కిలోబిట్లకు పడిపోతుంది. ఆపిల్ యంత్రాల్లో నెట్‌వర్క్ లింక్ కండిషనర్, క్రోమ్ బ్రౌజర్‌లో వేగం తగ్గించే మీట ఇదే పని చేస్తాయి. 2015లో ఫేస్‌బుక్ తన సొంత అనుకరణ సాధనాన్ని ఉచితంగా విడుదల చేసి, అదే ఏడు అక్టోబరులో మంగళవారాల్లో ఉద్యోగులు కోరుకుంటే గంటసేపు 2జీ వేగంతో యాప్ వాడే ఏర్పాటు చేసింది. భారత్ వంటి దేశాల్లో జనం పడే అవస్థ కాలిఫోర్నియాలో కూర్చున్నవారికి తెలియాలన్నది దాని వెనక ఆలోచన. ఇది మంచి ఆలోచన, ఇంకా విరివిగా జరగాల్సింది. కానీ ఈ మీటలన్నీ గొట్టాలే. 3జీ ఫోను కాసేపు ఖాళీగా ఉండి మళ్ళీ పనిలోకి దిగేటప్పుడు నెట్‌వర్క్ రేడియో వనరులు కేటాయించేదాకా మొదటి ప్యాకెట్ ఒకటి రెండు సెకన్లు ఆగిపోవచ్చు. రైలు సొరంగంలోకి వెళితే కనెక్షన్ ఉన్నట్టే చూపిస్తూ ఏమీ కదలదు. యాప్‌లు గడ్డకట్టుకుపోయేది ఇలాంటి క్షణాల్లోనే, వీటిని ఏ ఒక్క మీటా చూపించదు.

గడియారం

అనుకరణకు అన్నిటికంటే పెద్ద శత్రువు కాలం. 200 నోడ్లను ఒకే సర్వరు మీద నడిపితే ప్రాసెసర్ అలసిపోతుంది. 2 మిల్లీసెకన్లలో చేరాల్సిన ఫ్రేము 9కి చేరుతుంది. ఆ ఆలస్యాన్ని నెట్‌వర్క్ లోపంగా రౌటింగ్ ప్రోగ్రాము చదువుకుంటుంది, పరీక్ష చేసేవారు కూడా అలాగే చదువుకుంటారు. అందుకే ప్రతి ఫలితం పక్కన ప్రాసెసర్ ఎంత నిండి ఉందో రాయకపోతే ఆ ఫలితం చెల్లదని నా అభిప్రాయం.

దీనికి రెండు మంచి పరిష్కారాలున్నాయి. మొదటిది 2006లో శాన్‌డియాగో పరిశోధకులు చూపించిన కాలవిస్తరణ: వర్చువల్ యంత్రంలోని గడియారాన్ని పదో వంతు వేగంతో నడిపిస్తే, బయటి 1 గిగాబిట్ లింకు లోపలికి 10 గిగాబిట్లుగా కనిపిస్తుంది, ప్రాసెసర్‌కు పదిరెట్లు తీరిక దొరుకుతుంది. రెండోది దీనికి ఎదురు దిశ. లినక్స్ కెర్నెల్‌ను మామూలు ప్రోగ్రాములా నడిపే యూజర్ మోడ్ లినక్స్‌కు యోహానెస్ బెర్గ్ చేర్చిన కాలయాన విధానంలో, ఎవరికీ పని లేని క్షణాలను గడియారం అమాంతం దాటేస్తుంది. వైఫై పరీక్షల్లో ఎక్కువ కాలం నిరీక్షణే: గడువు ముగియాలి, స్కాన్ పూర్తికావాలి, కీ పాతబడాలి. ఆ నిరీక్షణలన్నీ మాయమైతే గంటల పరీక్ష చాలా త్వరగా ముగుస్తుంది. పైగా కాలం పూర్తిగా కెర్నెల్ అదుపులోనే ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ ఎంత నెమ్మదిగా ఉన్నా ఫలితం మారదు. అసలు ప్రోగ్రాముకు సిమ్యులేటర్ గడియారాన్ని తొడిగినట్టయింది. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన తేడా ఇక్కడ చెరిగిపోతుంది. హోస్ట్ఏపీడీ పరీక్షలను ఈ విధానంలో నడిపే వీలు ఇప్పటికే ఉంది.